పసిచేతుల వయసు చెప్పిన డాక్టర్ రాహేలమ్మ

డాక్టర్ రాహేలమ్మ గారు మొన్న బుధవారం ఉదయం ఎమ్మిగనూరులో తమ అద్దె ఇంట్లో కన్నుమూసినారు. నేను ఆదోని కోర్టు మెట్లెక్కుతూండగా మా గుమాస్తా ఎదురొచ్చి, "డాక్టరమ్మ పోయినారంట సార్" అన్నాడు. ఏ డాక్టరమ్మ అని నేను అడగలేదు. చేతిలోని కాగితాల కట్ట అతనికే ఇచ్చి, ఆనాటి కేసులకు వాయిదా కోరమని చెప్పి బస్సెక్కినాను. దారి పొడవునా నా మనస్సును ఆక్రమించినది శోకమొక్కటే అని రాస్తే అసత్యమవుతుంది. ఆమెకు యాభై ఏళ్ళు కూడా నిండలేదు. అది రావలసిన మృత్యువు కాదు. ఆ వ్యాధిని ఆమె చేతికి అంటగట్టినవాళ్ళు ఇంకా మన మధ్య గౌరవంగా తిరుగుతున్నారు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి కనుకనే ఈ మాటలు రాయడానికి కూర్చున్నాను.

ఆదివారం ఆదోనిలో సంతాపసభ పెట్టినారు. ఆమె పన్నెండేళ్ళు పనిచేసిన ధర్మాసుపత్రి ఆవరణలోనే. ఆసుపత్రి కమిటీ అధ్యక్షులు ఆమె చిత్రపటానికి పూలదండ వేసి, "ఆమె మా ఆసుపత్రికి దీపం వంటిది, మా కుటుంబంలో మనిషి" అని గద్గదస్వరంతో పలికినారు. ఆమెను ఉద్యోగం నుంచి తొలగించిన ఉత్తర్వు మీద సంతకం ఆయనదే. ఆ విషయం తెలిసినవాళ్ళు సభలో సగం మంది ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. చివర నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచినాను, చెప్పులేసుకుని బయటికి వచ్చేసినాను. అక్కడ చెప్పలేకపోయినది ఇక్కడ చెబుతాను. ఎవరికైనా కష్టం కలిగితే కలగనీ.

రాహేలమ్మ గారిది నందవరం. తండ్రి రైతుల పొలాల్లో కూలి. మిషను బడిలో చదివి, అక్కడి తెల్లదొరసానుల సాయంతో మద్రాసుకు పోయి, ఎల్.ఎం.పి. వైద్య పరీక్ష పాసై వచ్చినారు. ఆదోని ఇంకా బళ్ళారి జిల్లాలో ఉండిన కాలంలో ధర్మాసుపత్రిలో చేరినారు. అప్పటికే అక్కడ పత్తి వర్తకులు విరాళమిచ్చిన ఎక్స్‌రే యంత్రం ఒకటి ఉండేది. దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలక దాని పక్కనే గోడకు ఉండేది. యంత్రాన్ని నడపడం తెలిసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. దాని మీద దుప్పటి కప్పి ఉంచినారు. ఈమె తిరిగి మద్రాసుకు పోయి, ఆరు నెలలు ఆ విద్య నేర్చుకుని వచ్చి, దుప్పటి తీసినారు.

జనానికి మొదట్లో ఆ యంత్రమంటే భయం. అది రక్తం పీల్చుతుందని కొందరూ, దాని ముందు నిలబడితే ఆయుష్షు తగ్గుతుందని కొందరూ అనేవాళ్ళు. రాహేలమ్మ గారు వాళ్ళకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. ముందు తమ చేయి పెట్టి ఫిల్ము తీసి చూపించేవారు. "సూడండప్పా, ఇది నా చెయ్యి. యేమైనా ఐందా నాకు? ఇంగ నీ బిడ్డను రానీ" అనేవారు. అట్లా ఎన్ని వందలసార్లు ఆ కిరణాలకు తమ చేయి ఒడ్డినారో ఆమెకే తెలియదు. ఊళ్ళో ఆమెకు 'బొమికల డాక్టరమ్మ' అని పేరు పడింది. మా వైపు ఎముకను బొమికె అంటారు. ఆ పేరు విని ఆమె నవ్వేవారు.

విరిగిన ఎముకలు చూడటం ఆ యంత్రం ఉన్న ప్రతిచోటా జరిగేదే. ఈమె ప్రత్యేకత వేరు. మన పల్లెల్లో పుట్టిన తేదీ రాసిపెట్టుకునే ఇళ్ళు ఎన్ని ఉన్నాయి? బడిలో చేర్చేనాడు పంతులుకు తోచిన సంవత్సరమే పుట్టిన సంవత్సరం. బడి మొహం చూడని పిల్లలకు అదీ లేదు. కాబట్టి పిల్ల వయసు ఎంత అన్న ప్రశ్నకు జవాబు అడిగే మనిషి అవసరాన్ని బట్టి మారేది. పెళ్ళికి ఒక వయసు, బస్సులో ఒక వయసు, కూలికి ఒక వయసు. పోలీసులూ, కోర్టులూ, ఫ్యాక్టరీల ఇనస్పెక్టరూ ఈ తగాదాల్లో పిల్లలను రాహేలమ్మ గారి దగ్గరకు పంపేవాళ్ళు. ఆమె మణికట్టుకూ మోచేతికీ ఫిల్ములు తీసి, చూసి, రాసి పంపేవారు.

ఒకసారి నాకు ఆమె దాన్ని ఇట్లా వివరించినారు: "పసిబిడ్డ మణికట్టులో చిన్న ఎముకలు ఫిల్ములో అసలు కనపడవు. అంతా మెత్తగా ఉంటుంది. ఏండ్లు గడిచే కొద్దీ ఒక్కొక్కటే గట్టిపడి కనపడతాయి. చేతి పొడుగాటి ఎముకల కొసకు టోపీ పెట్టినట్టు ఇంకో ముక్క ఉంటుంది. టోపీకీ ఎముకకూ మధ్య నల్లని సందు. మనిషి పెరగడం అయిపోయినప్పుడు ఆ సందు పూడిపోతుంది. ఎముక తేదీ చెప్పదు వకీలు గారూ. ఇంతకు తక్కువ ఉండదు, ఇంతకు ఎక్కువ ఉండదు అని మాత్రం చెబుతుంది. నేను అంతకు మించి ఒక్క నెల కూడా రాయను."

నిజంగానే రాయలేదు. గూడూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చినాడు. సర్కారు ఉద్యోగానికి వయసు మూడేళ్ళు మించిపోయింది, తగ్గించి రాయమని అడిగినాడు. ఆమె అతని చేతి ఫిల్ము తీసి వెలుతురుకు పెట్టి, "ఈ సందులన్నీ యెప్పుడో పూడిపోయినాయి నాయనా. తిరిగి తెరవడం నాకు రాదు" అన్నారు. అతడు తన మేనమామ హోదా చెప్పినాడు. "ఆయన్ను కూడా పిలుచుకుని రా, ఆయనకూ తీస్తాను" అన్నారు. ఆ మనిషి నవ్వలేక నవ్వి వెళ్ళిపోయినాడట. ఆసుపత్రి కమిటీకి ఆమె మీద అందిన మొదటి ఫిర్యాదు అతనిదే అని తర్వాత తెలిసింది.

ఇక నేను చెప్పవలసిన విషయానికి వస్తాను.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు. పత్తి నుంచి గింజలు వేరుచేసే యంత్రాల దగ్గర ఈరమ్మ అనే పిల్ల పనిచేసేది. ఊరు హాలహర్వి. తండ్రి లేడు. తల్లి ఉలిగమ్మ అదే మిల్లులో పత్తి మోసేది. ఒకనాడు ఈరమ్మ కుడి చేయి రోలరులో పడింది. ధర్మాసుపత్రికి తెచ్చేసరికి మణికట్టు కింద చేయి అనేది మిగలలేదు. పధ్నాలుగేళ్ళు నిండని బిడ్డను కర్మాగారంలో పెట్టుకోగూడదని చట్టం. ఇనస్పెక్టరు మిల్లు యజమాని మీద కేసు పెట్టినాడు. యజమాని తరఫున, ఈరమ్మకు పద్దెనిమిదేళ్ళని ఒక డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు దాఖలైంది. ఆ డాక్టరు పిల్లను చూసినాడో లేదో దేవుడికి తెలియాలి. ఇనస్పెక్టరు కోరిక మీద రాహేలమ్మ గారు ఫిల్ములు తీసి, పదకొండుకూ పదమూడుకూ మధ్య అని రాసినారు.

ఆ మిల్లు యజమానే ధర్మాసుపత్రి కమిటీ అధ్యక్షులు. ఆయన వకీలును నేను.

సాక్ష్యం చెప్పడానికి ముందురోజు ఆయన ఆమెను పిలిపించి, "అంచనా అంటారు గదా, ఆ అంచనా కొంచెం పైకి వెయ్యమ్మా. పదిహేనని చెప్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నారట. ఆమె, "నా సొమ్ము యేమీ పోదు సార్. ఆ పిల్లకు చెయ్యి పోయింది" అని చెప్పి వచ్చేసినారట. ఈ మాట నాకు ఆయనే చెప్పినారు, ఆమె పొగరును నేను కోర్టులో అణచాలని. నేను తల ఊపినాను.

మొదట తల్లిని విచారించినారు. నీ కూతురికి ఎన్నేళ్ళని నేనడిగితే ఉలిగమ్మ, "నాకు లెక్కలు తెల్దు సామీ. జొన్న అంతా యెండిపోయి, గంజి కేంద్రాలు పెట్టిన యేడు పుట్టింది" అంది. "మన సీమలో జొన్న ఎండని ఏడు ఏది?" అన్నాను నేను. కోర్టులో నవ్వినారు. ఆ నవ్వు నాకు బాగానే వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత రాహేలమ్మ గారు బోనెక్కినారు. తెల్లచీర, చేతిలో రెండు ఫిల్ములు. నేను అడిగినవీ ఆమె చెప్పినవీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మీరు రాసింది నిర్ధారణా, అంచనానా?"

"అంచనా."

"ఎంత తేడా రావచ్చు?"

"యేడాది. కొందరిలో రెండేళ్ళు."

"కడుపు నిండా తిండి లేని పిల్లల ఎముకలు ఆలస్యంగా ముదురుతాయా?"

ఆమె ఒక్క క్షణం నా వంక చూసినారు. అబద్ధం చెప్పే మనిషి అయితే అక్కడ కాదని చెప్పి తప్పుకునేది. "ముదురుతాయి" అన్నారు.

"ఎంత ఆలస్యంగా?"

"మన ప్రాంతపు పిల్లలను యెవరూ సూసి రాయలేదు. పుస్తకాల్లో ఉండేది వేరే దేశాల పిల్లల సంగతి."

"అంటే మీకు తెలియదు."

"తెలియదు. ఐనా ఆరేళ్ళు కాదు."

"తెలియదన్నారు గదా. చాలు" అని నేను కూర్చున్నాను.

ఈ రాయలసీమలో ఒక బిడ్డ ఆకలితో పెరిగిందన్నది ఎవరికి వ్యతిరేకంగా సాక్ష్యం కావాలి? ఎముక చిన్నగా కనిపించినా వయసు ఎక్కువే కావచ్చునని నేను దాన్ని ఆ బిడ్డకే వ్యతిరేకంగా వాడినాను. నేను చదువుకున్నవాణ్ణి, న్యాయశాస్త్రం మీద పట్టు ఉన్నవాణ్ణి అని పేరు. ఆ రోజు బార్‌లో తోటి వకీళ్ళు నా భుజం తట్టినారు. సంశయలాభం కింద యజమానిని వదిలిపెట్టినారు. డాక్టరు స్వయంగా తెలియదని ఒప్పుకున్న విషయం మీద శిక్ష వేయలేమని తీర్పులో రాసినారు.

కోర్టు వరండాలో ఆమె నాకు ఎదురుపడినారు. తిడతారనుకున్నాను. "వకీలు గారూ, మీ ప్రశ్నలన్నీ సరైనవే. నాకు జవాబు తెలిసుండాల్సింది, తెలియలేదు" అన్నారు. తర్వాత మామూలుగా అన్నట్టే అన్నారు: "ఒకటి మాత్రం మీరు అడగలేదు. రెండు చేతులకూ తీయవలసింది, ఒక్క చేతికే యెందుకు తీసినారని." నేను గౌను సర్దుకున్నాను.

నెల తిరగకముందే ఆమెను ఆసుపత్రి నుంచి తొలగించినారు. కారణం, రోగులతో దురుసు ప్రవర్తన. ఆ గూడూరు మనిషి ఫిర్యాదు అందుకు ఆధారం. ఒక సంగతి పాఠకులు మరిచిపోరాదు. ఆమె పని చేసిన పన్నెండేళ్ళలో, ఎక్స్‌రే కిరణాల నుంచి చేతులను కాపాడే సీసపు తొడుగులు తెప్పించమని కమిటీకి పలుమార్లు అర్జీలు పెట్టినారు. వాటి నకళ్ళు నేను ఈ వారమే చూసినాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆసుపత్రి గేటుకు రంగులు వేయించడానికి, అధ్యక్షుల తైలవర్ణ చిత్రం గీయించడానికి మాత్రం తీర్మానాలు జరిగినాయి.

ఆమె ఎమ్మిగనూరు చేరినారు. మగ్గాలవాళ్ళ వీధిలో అద్దె ఇల్లు తీసుకుని వైద్యం మొదలుపెట్టినారు. మిషనువాళ్ళు పనికిరాదని మూలన పడేసిన పాత ఎక్స్‌రే పెట్టె ఒకదాన్ని బతిమాలి తెచ్చుకుని, బాగు చేయించుకున్నారు. ఇది నాకు చాలాకాలం తెలియదు. తెలుసుకోవాలని అనుకోనూ లేదు.

ఏడాదిన్నర తర్వాత నా భార్య పుట్టింటికి ఎమ్మిగనూరు పోయినాము. మా అమ్మాయి ఉయ్యాల మీద నుంచి పడింది. ఎడమ మణికట్టు వాచిపోయింది. నా బావమరిది, "ఈడ బొమికల డాక్టరమ్మ ఉండాది, పదండి" అన్నాడు. వెనక్కు తగ్గడానికి మొహం చెల్లలేదు. పోయినాము. ఆమె నన్ను చూసి, "రండి" అని, బిడ్డను తీసుకుని, "ఈడ కూసో తల్లీ. కదలద్దు. నేను పట్టుకుంటాను" అన్నారు. మా అమ్మాయి నొప్పికి చేయి లాక్కుంటూండగా, ఆమె తమ ఎడమచేత్తో దాన్ని పలక మీద అదిమిపట్టి ఫిల్ము తీసినారు. చేతికి ఏ తొడుగూ లేదు. గోళ్ళు నల్లబడి పగిలి ఉన్నాయి, వేళ్ళ మీద చర్మం ఎండిన ఆకులాగా ఉంది.

ఎముక కొద్దిగా చిట్లిందన్నారు. కట్టు కట్టినారు. అంతా అయినాక ఫిల్మును కిటికీకి పెట్టి, "పాపకు యెన్నేండ్లు?" అని అడిగినారు.

"పన్నెండు నిండి రెండు నెలలు" అన్నాను. మా ఇంట్లో జాతకాలు రాయిస్తారు. నిమిషంతో సహా ఉంటుంది.

ఆమె ఒక ట్రంకుపెట్టె తెరిచి ఇంకొక ఫిల్ము తీసి దాని పక్కనే పెట్టినారు. అదీ ఎడమచేయే. ఎముకల కొసన అవే నల్లని సందులు. మణికట్టులో బఠాణీ గింజంత ఎముక మా అమ్మాయి ఫిల్ములో స్పష్టంగా ఉంది. రెండోదానిలో అది చుక్కలాగా, ఉందా లేదా అన్నట్టు ఉంది. వైద్యం రాని నాకు కూడా, రెండోది మా బిడ్డ కంటె చిన్నబిడ్డదని తెలిసిపోయింది.

"ఇదెవరిది?" అన్నాను.

"మీరు పద్దెనిమిదేళ్ళని చెప్పిన పిల్లది" అన్నారు ఆమె. గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ ట్రంకుపెట్టె నిండా ఫిల్ములే. ఒక్కొక్కదాని మీద పిల్ల పేరు, ఊరు, పుట్టిన తేదీ. ఇవన్నీ ఏమిటని అడిగినాను. "మీ ప్రశ్నకు జవాబు యెతుకుతాండాను" అన్నారు. నందవరం చర్చిలో బాప్తిస్మపు పుస్తకం ఉంది. కూలివాళ్ళ బిడ్డల పుట్టిన తేదీలు అందులో నిజంగా ఉంటాయి. ఎమ్మిగనూరు నేతగాళ్ళలో కొందరు పంచాంగం అంచున బిడ్డ పుట్టిన దినం రాసుకుంటారు. అట్లా తేదీ గట్టిగా తెలిసిన పేదబిడ్డలను వెతికి, తల్లిదండ్రులకు ఎందుకో చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ పిల్లలకు ఒక్కొక్క ఫిల్ము తీస్తున్నారు. భయపడే చిన్నపిల్లల చేతులు తామే పట్టుకునేవారు. అయిపోయినాక వేరుశనగ బుడ్డలూ బెల్లమూ కలిపి కట్టిన ఉండ ఒకటి చేతిలో పెట్టేవారు. ఆకలి ఎముకను ఎన్నాళ్ళు వెనక్కు లాగుతుందో ఈ సీమ బిడ్డల చేతుల్లోనే చూసి తేల్చడం ఆమె ఉద్దేశం.

కోర్టులో గెలవడానికి నేను ఒక్క నిమిషంలో ఊహించిన ప్రశ్న అది. ఆమె దాన్ని నిజమైన ప్రశ్నగా స్వీకరించినారు.

"తొడుగుల్లేకుండా ఇట్లా పట్టుకోగూడదు గదా" అన్నాను. "పట్టుకోకుంటే బిడ్డ కదులుతుంది. కదిలితే సందు పూడినట్టు మసకగా పడుతుంది. అప్పుడు నేను తప్పు రాస్తాను" అన్నారు. మద్రాసు నుంచి సీసపు తొడుగులు తెప్పిస్తానని మాటిచ్చినాను. ఆ మాట మీద నిలబడి ఉంటే ఇవాళ తల ఎత్తుకుని రాసేవాణ్ణి. కేసులు, వాయిదాలు, ఇంట్లో శుభకార్యం, ఒకటి తర్వాత ఒకటి. మిల్లు వకాలతు మానుకున్నాను, అది చేసినందుకే నన్ను నేను మెచ్చుకుంటూ కూర్చున్నాను. ఏడాది దాటినాక తొడుగులు తీసుకుని పోయినాను. అప్పటికి ఆమె మద్రాసు ఆసుపత్రిలో ఎడమచేతి రెండు వేళ్ళు తీయించుకుని వచ్చి ఉన్నారు. మానని పుండు, ప్రాణాంతకమైన రకమని తేలిందట. తొడుగులు చూసి, "బాగున్నాయి. ఖాళీ వేళ్ళల్లో పత్తి కుక్కుకుంటే సరిపోతాయి" అన్నారు. నాకు నేల విచ్చితే బాగుండుననిపించింది. ఆమె మాత్రం ఆ పూటనే వాటిని వేసుకుని పనిచేసినారు.

పోయిన ఏడాది అదే మిల్లులో మళ్ళీ ఒక బిడ్డ కాలు నలిగింది. కౌతాళం వైపు నుంచి వచ్చిన పిల్ల. మళ్ళీ కేసు, మళ్ళీ పద్దెనిమిదేళ్ళ సర్టిఫికెట్టు, మళ్ళీ ఇనస్పెక్టరు కోరిక మీద రాహేలమ్మ గారు తీసిన ఫిల్ములు. యజమాని ఈసారి కర్నూలు నుంచి వకీలును తెచ్చుకున్నారు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. రాహేలమ్మ గారు ఎడమచేతిని చీర చెంగులో దాచుకుని బోనెక్కినారు. కర్నూలు వకీలు అంచనానా అని అడిగినాడు. తేడా ఎంత అని అడిగినాడు. తర్వాత గొంతు సవరించుకుని, "కడుపు నిండా తిండి లేని పిల్లల ఎముకలు ఆలస్యంగా ముదురుతాయి కదా?" అన్నాడు. నా పాత కేసు తీర్పు నకలు చదువుకుని వచ్చినాడు. నా మాటలే ఇంకొకరి నోట విన్నప్పుడు అవి ఎంత నీచమైనవో తెలిసింది.

"ముదురుతాయి" అన్నారు ఆమె.

"ఎంత ఆలస్యంగా?"

ఆమె మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి, "అనుమతిస్తే చూపిస్తాను" అన్నారు. ట్రంకుపెట్టె లోపలికి తెప్పించినారు. ఫిల్ములూ, వాటితోపాటు చర్చి పుస్తకం, నేతగాళ్ళ పంచాంగాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టినారు. మేజిస్ట్రేటు గారు కుర్చీ దిగి వచ్చి, ఫిల్ములు కిటికీకి ఎత్తి పట్టుకుని చూడసాగినారు. ఆమె నెమ్మదిగా చెప్పుకుంటూ పోయినారు. "ఈ బిడ్డ వాళ్ళమ్మ కూలికి పోతాది. ఒంటిపూట తిండి. యేడాది యెనకబడింది. ఈ పిల్లోడు యేడాదిన్నర. రెండేళ్ళకు మించి యెనకబడిన బిడ్డ నాకు ఒక్కరు కూడా కనపడలేదు. ఇంకా కొందరిని సూడవలసి ఉండింది, నాకు చేతకాలేదు." ఎందుకు చేతకాలేదో ఆమె చెప్పలేదు. కర్నూలు వకీలు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు.

యజమానికి శిక్ష పడింది. ఇనస్పెక్టరు మిల్లులోని చిన్నపిల్లలందరినీ బయటికి పంపించినాడు. పై కోర్టు ఆ శిక్షను జుల్మానాగా మార్చింది. ఆయన కమిటీ అధ్యక్ష పదవికి దాని వల్ల ఏ లోపమూ రాలేదు. తీర్పు వచ్చిన రోజు నేను అభినందించబోతే రాహేలమ్మ గారు అడ్డుకున్నారు. "ఆ పిల్లలు బడికి పోతాండారా, పత్తి చేన్లకు పోతాండారా, అది కనుక్కోండి ముందు" అన్నారు. కనుక్కున్నాను. కొందరు బడికి పోయినారు. ఎక్కువమంది చేన్లకే పోయినారు. ఈరమ్మను మాత్రం ఆమె కొన్నేళ్ళ ముందే తమ దగ్గర ఉంచుకుని ఎమ్మిగనూరు బడిలో చేర్చినారు. ఎడమచేత్తో అక్షరాలు దిద్దించినారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నది.

చివరిసారి నేను ఆమెను చూసి మూడు వారాలవుతుంది. చంకలో గడ్డలు లేచినాయి, చేయి ఎత్తలేకపోతున్నారు. నేను ఇన్నేళ్ళూ మింగుకున్నది బయటపెట్టినాను. నా ప్రశ్న వల్లనే గదా మీరీ ఫిల్ములన్నీ తీయవలసి వచ్చింది, నా వల్లనే గదా ఈ చేయి, అన్నాను. ఊరడింపు మాట చెబుతారని ఒక నీచమైన ఆశ నాలో ఉండి ఉండవచ్చు.

"చెయ్యి ఆదోనిలో ఉన్నప్పుడే చెడింది. అది పూర్తిగా మీ నెత్తిన వేయను" అన్నారు. "మీ ప్రశ్న తప్పు కాదు వకీలు గారూ. యెవరి కోసం అడిగినారో అది తప్పు."

ఆమె నోట నేను విన్న కఠినమైన మాట అదొక్కటే. అందులో ఒక్క అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆమె వయసు రాసినట్టే నా తప్పునూ రాసినారు.

నందవరంలో ఆమె తల్లిదండ్రుల పక్కన ఖననం చేసినాము. పల్లె పల్లె నుంచి కూలిజనం వచ్చినారు, ఎమ్మిగనూరు మగ్గాలు ఆ పూట ఆగినాయి. ఆదోని నుంచి పెద్దమనుషులు ఎవరూ రాలేదు, వాళ్ళు సంతాపసభ కోసం ఆగినారు. విశ్వవిద్యాలయాల వంకా బిరుదుల వంకా ఆమె ఎన్నడూ చూడలేదు. ఈ కరువుసీమలో బిడ్డ చేతిని పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చదివి, ఎవరు కన్నెర్ర చేసినా ఉన్నంతే చెప్పినారు. తెలియనిదాన్ని తెలియదని నిండు కోర్టులో చెప్పి, అవమానపడి, తర్వాత దాన్ని తెలుసుకోవడానికి శేషజీవితాన్ని వెచ్చించినారు. ఇటువంటి శీలాన్ని నేను మరొకరిలో చూడలేదు. ఆ పుణ్యమూర్తికి తలవంచి నమస్కరించే అర్హత కూడా నాకు లేదు. అయినా నమస్కరిస్తున్నాను.

ఖననమైన మర్నాడు ఆమె తమ్ముడు నన్ను ఎమ్మిగనూరులోని ఆమె ఇంటికి పిలిచినాడు. నందవరంలో కూలి చేసుకునే మనిషి. చదువు రాదు. "ఈ కాయితం టపాలో వచ్చినాదన్నా. యేముందో సూడు" అని ఒక కవరు ఇచ్చినాడు. ఒక పోలీసు స్టేషను నుంచి వచ్చిన జాబు అది. ఒక బాలికకు పంతొమ్మిదేళ్ళని ఆ పిల్లను తీసుకుపోయినవాళ్ళు చెబుతున్నారు, చూడటానికి చాలా చిన్నదిగా ఉంది, డాక్టరు గారు ఎముకలు పరీక్షించి వయసు తెలుపగలరని కోరుతాము అని రాసినారు. గ్రహీత మరణించినారని రాసి తిప్పి పంపవలసి వచ్చింది. నిన్న విచారించినాను. ఆ బాలికను వేరే డాక్టరుకు చూపించినారట. ఆయన ఫిల్ము తీయలేదు. ఒకసారి మొహం వంక చూసి, వాళ్ళు చెప్పిన పంతొమ్మిదే రాసి ఇచ్చినాడు. ఆ బిడ్డను వాళ్ళ వెంట పంపేసినారు. ఆ పిల్లకు నిజంగా ఎన్నేళ్ళో చెప్పగలిగినవాళ్ళు మా రెండు తాలూకాల్లో ఇప్పుడు ఒక్కరూ లేరు.